నాలుగో గాలిమర గడప

కలాతె సుర్ఖ్,
బహ్మన్ నెల, పదో తేదీ

అన్నయ్యకు సనోబర్ సలాం.

ఈ కోడిగీతలు చూసి ఎవరిచేతో రాయించాననుకోకు. నాలుగేళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళందరం పంతులమ్మ ముందు కూర్చుని నేర్చుకున్నాం. నలభై ఆరేళ్ళ మనిషి అక్షరాలు దిద్దుతుంటే మా కోడలు మర్జాన్ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నవ్వితే నవ్వింది. ఇప్పుడు నీకు నేనే రాయగలను, మధ్యలో ఇంకొకళ్ళు ఉండరు.

విషయం చెప్పాలంటే భయంగా ఉంది, ముందే చెప్పేస్తాను. మన కొండ మీద గాలిమరలు ఏడుండాలి, ఆరే ఉన్నాయి. నాలుగో చోట పన్ను ఊడినట్టు ఖాళీ. అక్కడ మళ్ళీ మర లేపుతున్నారు. పాత కట్టడాల ఆఫీసు వాళ్ళు జీపులో వచ్చి కొలతలు తీసుకున్నారు. "ఇది కట్టగలిగే కుటుంబం ఎవరిది?" అని అడిగితే ఊరంతా మా ఇంటివైపు వేలు చూపించింది. నా కొడుకు యాకూబ్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఎండాకాలపు గాలి మొదలయ్యేలోపల, అంటే ఖుర్దాద్ నెల కల్లా కట్టేస్తాడట. ఇరవై ఆరేళ్ళు వచ్చాయి వాడికి, ఇంతవరకూ కోళ్ళగూడు కూడా సరిగ్గా కట్టలేదు.

"ఒరే, అది మీ చిన్న మామయ్య ప్రాణం పోయిన చోటురా" అన్నాను. "అందుకేనమ్మా, తాత కట్టిన మర అలా మట్టిదిబ్బగా పడుంటే ఇద్రీస్ మామయ్యకి మాత్రం ఏం గౌరవం?" అన్నాడు.

నాన్న చేతి పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. నువ్వొక్కడివే ఉన్నావు. ఎలా కట్టాలో నువ్వు చెప్పాలట, వాడు నాచేత బలవంతంగా అడిగిస్తున్నాడు. నువ్వు వద్దంటే మానుకుంటాడని నా ఆశ. వద్దని గట్టిగా రాయి అన్నయ్యా.

ఉత్తరం వాడికి చదివి వినిపించాలి, కానీ ఈ చివరి రెండు ముక్కలూ వినిపించను. వదినకి సలాం చెప్పు.

నీ చెల్లెలు
సనోబర్


మష్హద్,
బహ్మన్, ఇరవై ఎనిమిది

సనోబర్‌కి,

ముప్పై ఎనిమిదేళ్ళకి ఊరికి నేను గుర్తొచ్చాను. సంతోషం.

నీ కొడుక్కి నా తరఫున చెప్పు. కలాతె సుర్ఖ్‌లో నా పేరు రవూఫ్ కాదు. "తమ్ముణ్ణి పిండి చేసినవాడు" అంటారు నన్ను. వాళ్ళ మరకి వాళ్ళకి కావలసింది మంచి వడ్రంగి, నేను కాదు. ఇక్కడ తలుపులూ కిటికీలూ చేసుకుని బతుకుతున్నాను. నా షాపు పైన బోర్డు మీద కూడా మా ఊరి పేరు రాయించలేదు.

ఆ రోజు నాకు ఇరవై ఏళ్ళు, ఇద్రీస్‌కి పదిహేడు. నీకు ఎనిమిదేళ్ళు, నీకేం గుర్తుంటుందిలే. రెక్కల తాళ్ళు వదులయ్యాయని వాడు పైకెక్కాడు. పైకెక్కినవాడి జోళ్ళు మెట్ల గడప దగ్గర ఉండాలి. గాలి వాకిలికి అడ్డం వేసిన చెక్కలు తీస్తేనే గాలి లోపలికొచ్చి రెక్కలు తిరుగుతాయి, కాబట్టి ఆ చెక్కలు తీసేవాడు ముందు ఈ గడప చూడాలి. జోళ్ళుంటే చెక్క ముట్టుకోకూడదు. గాలి హోరులో కేక వినపడదు కాబట్టి తాతల నాటి నుంచీ మనకున్న కట్టుబాటు అదొక్కటే. నేను గడప దగ్గరికి వెళ్ళాను. జోళ్ళు లేవు. పని ముగించుకుని దిగిపోయాడనుకున్నాను. అటువైపు తిరిగివెళ్ళి చెక్కలు తీశాను. వాడు రెక్కల మధ్యే ఉన్నాడు.

తర్వాత నాన్నా ఊరివాళ్ళూ పరిగెత్తుకొచ్చేసరికి గడప దగ్గర వాడి కొత్త జోళ్ళు జతగా ఉన్నాయి. అందరూ చూశారు. నేనూ చూశాను. "లేవు నాన్నా, అప్పుడు లేవు" అని నేను మొత్తుకుంటుంటే నాన్న ముఖం అవతలికి తిప్పుకున్నాడు. పదిహేను రోజులకి నన్ను బస్సెక్కించాడు. మర విప్పేసి, గోడలు వానకి వదిలేశాడు. అందులో నాకు ఆయనతో పేచీ లేదు.

అందుకే వద్దంటున్నాను. ఇంతకంటే గట్టిగా ఎలా రాయాలో నాకు తెలియదు. వాణ్ణి పైకి ఎక్కనివ్వకు.

రవూఫ్


కలాతె సుర్ఖ్,
ఇస్ఫంద్, పదిహేను

అన్నయ్యా,

నీ ఉత్తరం వాడికి మొత్తం చదివి వినిపించాను. "తమ్ముణ్ణి పిండి చేసినవాడు" అన్న చోట నేను ఆగితే వాడే లాక్కుని చదువుకున్నాడు. ఆ మాట ఇప్పుడు ఎవరూ అనరు అని రాద్దామనుకున్నాను. నీకు అబద్ధం రాయలేను. మొన్న తందూరు దగ్గర హాజర్ ముసలమ్మ ఆ మాటే అంది.

వాడు మానలేదు. పునాది తవ్వేశారు. పక్క మరల కొలతలు చూసి ఊహించి కడుతున్నాడు. మేస్త్రీ నాసిర్‌ని తోడు పెట్టుకున్నాడు, మంచివాడే గానీ వాడు కట్టినవన్నీ ఇళ్ళు, మరలు కాదు. గాలి వాకిలి మూడు మూరల వెడల్పు పెడతాడట యాకూబ్. "ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పిండి వస్తుంది కదమ్మా" అంటాడు. నాకు మరల సంగతి తెలియదు, కానీ నాన్న వెడల్పు దగ్గర ఎవరి మాటా వినేవాడు కాదని గుర్తు.

ఇంకో సంగతి. నాన్న మర విప్పినప్పుడు ఆ ఇరుసు మాను తెచ్చి మన మేకల కొట్టానికి దూలంగా వేశాడు కదా. యాకూబ్‌కి అది కావాలట. నేను కుదరదన్నాను. కొట్టం గోడలు కదిపితే కూలిపోతాయన్నాను, మేకలు ఎక్కడ ఉంటాయన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను. "మేకలకంటే ముందు నువ్వే ఏడ్చేలా ఉన్నావేంటమ్మా?" అని వాడు నవ్వాడు. ఆ కొట్టం జోలికి రావద్దని నువ్వైనా రాయి.

వాడు ఆగడని తెలిసిపోయింది. నువ్వు చెప్పకపోతే ఊహించి కడతాడు, ఊహించి పైకెక్కుతాడు. చెబితే కనీసం తెలిసి కడతాడు. రెండింట్లో ఏది అడగాలో నాకే తెలియడం లేదు. చెప్పు అన్నయ్యా.

సనోబర్

కింద యాకూబ్ రాస్తున్నాను. మామయ్యా, సలాం. మీరు చెప్పకపోతే మష్హద్ వచ్చి మీ షాపు ముందు కూర్చుంటాను, గిరాకీలు మీ తలుపులు కొనడం మానేసి నా ముఖం చూసి పోతారు. అమ్మ భయం చూసి నాకూ భయం పట్టుకుంది, ఈ మాట మాత్రం అమ్మకి చెప్పకండి. అమ్మ ఇది చదువుతుందని తెలుసు.


మష్హద్,
ఫర్వర్దీన్, ఎనిమిది

సనోబర్‌కి, యాకూబ్‌కి,

మూడు మూరలు! ఒరే యాకూబ్, నీకు పిండి కావాలా, మీ అమ్మ కడుపుకోత కావాలా? వాకిలి రెండు మూరలకి వేలెడు కూడా మించకూడదు. గాలిని మనం పిలవనక్కర్లేదు, అదే వస్తుంది. దాన్ని ఎంతవరకు లోపలికి రానివ్వాలన్నదే మర కట్టడం అంటే. మూడు మూరలు పెడితే తీర్ నెల నడివేసవి గాలికి రెక్కలు విరిగి గోడ దాటి మేకల మీద పడతాయి.

గోడలు కట్టేసి ఉంటే కూలగొట్టు. సిగ్గుపడకు, మీ తాత కూడా ఒకసారి కూలగొట్టాడు.

మట్టిలో గడ్డి సన్నగా తరిగి కలిపి మూడు రోజులు తొక్కాలి. కాళ్ళతోనే తొక్కాలి, అప్పుడే రాళ్ళు తెలుస్తాయి. రెక్కల చెక్కలకి మేకు కొట్టొద్దు. మేకు వదులవుతుంది, వదులైన సంగతి చెప్పదు. మేక వెంట్రుకల తాడుతో కట్టు, వదులైతే కీచుమంటుంది, అప్పుడు తెలుస్తుంది. ఇరుసుకి ఆ పాత మానే కావాలి. అటువంటి చెట్టు ఇప్పుడు దొరకదు. కొట్టం విప్పండి. సనోబర్, మేకలు రెండు నెలలు బయట పడుకుంటే చచ్చిపోవు. దూలం కింది కొసలో ఇనుప ములుకు ఉంటుంది, అది రాతి గిన్నెలో కూర్చోవాలి. పైన ఇరుసు తల దగ్గర గొర్రె తోక కొవ్వు పూయాలి. మొదటి పిండి పట్టే ముందు మర కట్టినవాడే పైకెక్కి ఆ కొవ్వు తన చేత్తో పూస్తాడు, అది పద్ధతి.

గాలి వాకిలికి ఎనిమిది చెక్కలు. పై చెక్క ముందు తీయాలి. ఒక్కో చెక్కకీ మధ్య ఇరవై లెక్కపెట్టాలి.

ఇక జోళ్ళ సంగతి. నాసిర్‌కి చెప్పు, ఎవరెవరు చెక్కలు ముడతారో వాళ్ళందరికీ చెప్పు. గడప చూడాలి. వంగి చూడాలి. చూశానని అనుకోవడం వేరు, చూడడం వేరు. నేను చూశాను. చూశాననే ఇన్నాళ్ళూ అంటూ వచ్చాను.

తాహెరా వెనకనుంచి చదివి, "మీ చేతిరాత ఇంత చక్కగా ఉంటుందని నాకు తెలియదే" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత పొడుగు ఉత్తరం నేను రాయడం ఇదే మొదలు. పని గురించి రాస్తుంటే చెయ్యి దానంతట అదే పోయింది. అది నాకు నచ్చలేదు.

రవూఫ్


కలాతె సుర్ఖ్,
ఉర్దీబెహష్త్, రెండు

అన్నయ్యా,

గోడ కూలగొట్టి రెండు మూరలకి తెచ్చారు. యాకూబ్ నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, మట్టి అంటి సగం అక్షరాలు పోయాయి.

కొట్టం విప్పారు. నేను ఇంట్లో లేకుండా పోదామనుకున్నాను, కాళ్ళు రాలేదు. ఆరుగురు కలిసి దూలం దించుతుంటే అది మూలిగింది అన్నయ్యా. నువ్వు నవ్వినా సరే, నేను విన్నాను. గోడలో నాన్న మట్టి మెత్తిన గూడు ఒకటి బయటపడింది. లోపల పాత సామాను ఏదో ఉంది. పనికొచ్చేదేం కాదు. యాకూబ్ ఏమిటని అడిగితే చెత్త అని చెప్పి కొంగులో కట్టుకొచ్చాను.

ఇరుసు నిలబెట్టారు. మన వాకిట్లోంచి చూస్తే కనిపిస్తోంది. ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ చోటు చూడకుండా ముఖం తిప్పుకుని నీళ్ళు తెచ్చుకోవడం అలవాటైంది. ఇప్పుడు అటు చూడకుండా ఉండడం కుదరడం లేదు. రోజూ నాలుగైదుసార్లు కొండెక్కి గడప చూసి వస్తున్నాను. "అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు తగ్గిపోయినట్టున్నాయే" అంటుంది మర్జాన్. దానికి ప్రతిదీ నవ్వులాటే, కొత్త పెళ్ళికూతురు కదా.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ రోజు నువ్వు నిజంగా గడప చూశావా? "చూశాననే అంటూ వచ్చాను" అని రాశావు. అలా ఎందుకు రాశావు? నువ్వు చూశావు. చూశావనే నా నమ్మకం.

సనోబర్


మష్హద్,
ఉర్దీబెహష్త్, పద్దెనిమిది

సనోబర్,

ఎందుకు అడిగావు? అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు. తాహెరాకి కూడా నేను చెప్పలేదు.

మొదట్లో ఒట్టేసి చెప్పేవాణ్ణి, గడప ఖాళీగా ఉందని. పదేళ్ళు అలాగే ఉన్నాను. తర్వాత కలలు మొదలయ్యాయి. కలలో నేను గడప దగ్గరికి వస్తాను. జోళ్ళు ఉంటాయి. కొత్తవి, మడమ దగ్గర ఎర్ర దారం కుట్టు ఉన్నవి. వాటిని చూస్తాను. చూసి కూడా వెళ్ళి చెక్క తీస్తాను. ప్రతిసారీ అంతే. ఆ కుట్టు ఎన్ని పోగులో కూడా చెప్పగలను. లేని జోళ్ళ కుట్టు ఎవరికైనా ఇంత బాగా గుర్తుంటుందా?

కాబట్టి ఇదిగో, నీకొక్కదానికే రాస్తున్నాను. నేను చూడలేదు. లేదా చూసీ పట్టించుకోలేదు. తొందరలో ఉన్నాను, గాలి అప్పుడే బలంగా మొదలైంది, నాన్న పొద్దుటి నుంచీ తొందరపెడుతున్నాడు. ఊరు నన్నన్నది నిజమే. ముప్పై ఎనిమిదేళ్ళు ఒప్పుకోకుండా తిరిగాను, ఇప్పుడు ఒప్పుకున్నాను. రాసేస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నాను. ఏం తేలిక కాలేదు.

దీన్ని చదివి తందూరులో వేసెయ్యి. మళ్ళీ ఈ మాట ఎత్తకు.

నీ అన్న


కలాతె సుర్ఖ్,
ఖుర్దాద్, ఎనిమిది

అన్నయ్యా,

నీ ఉత్తరం తందూరులో వెయ్యలేదు. దాన్ని దిండు కింద పెట్టుకుని, జవాబు రాయకుండా ఎలా తప్పించుకోవాలా అని పది రోజులు చూశాను. మొన్న మంగళవారంతో ఆ దారి కూడా మూసుకుపోయింది.

ముందు యాకూబ్ బతికే ఉన్నాడు. అది చదివి తర్వాత మిగతాది చదువు.

మంగళవారం పొద్దున ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు, రెక్కలు తిరగడం చూడాలని. గాలి అప్పుడప్పుడే మొదలైంది. యాకూబ్ తాళ్ళు చూసుకోడానికి పైన ఉన్నాడు. నేను వాళ్ళకి టీ కాచి తీసుకెళ్దామని ఇంట్లోంచి బయటికొచ్చాను. మన వాకిట్లో మర్జాన్ కూర్చుని, యాకూబ్ జోళ్ళు ఒళ్ళో పెట్టుకుని దులుపుతోంది.

"ఇవెక్కడివే?" అన్నాను.

"మర దగ్గరనుంచి తెచ్చాను అత్తయ్యా. చూడండి ఎంత ఇసుకో! పట్నం వాళ్ళ ముందు ఈయన ఇలా మట్టి జోళ్ళతో నిలబడితే పెళ్ళాం ఏం చేస్తోందని నన్నే అంటారు. తుడిచి ఇట్టే పెట్టేసి వస్తాను."

టీ పళ్ళెం ఏమైందో నాకు తెలియదు. దాని ఒళ్ళోంచి ఒక కాలి జోడు లాక్కుని పరిగెత్తాను. అరుస్తూనే ఉన్నాను, నా కేక నాకే వినిపించలేదు. నాసిర్ గడప దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే వంగి చూశాడు. అక్కడేం లేదు. చుట్టూ తిరిగి వెళ్ళి పై చెక్క తీశాడు. ఇరవై లెక్కపెట్టాడు. రెండో చెక్క మీద చెయ్యి వేశాడు. నేను చేతిలోని జోడు విసిరాను. అది వాడి వీపుకి తగిలింది.

ఆ ఒక్క చెక్క సందుకే రెక్కలు పావు చుట్టు తిరిగాయి. యాకూబ్ భుజం గీరుకుపోయింది, గోడకి అతుక్కుని నిలబడ్డాడు. కిందికి దిగి, ఏడుస్తున్న మర్జాన్‌ని చూసి, "దీనికింత ఏడుపెందుకే? తెలియక చేశావు. ఇంకెప్పుడూ ముట్టుకోకు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట వినగానే నేను అక్కడే కూలబడ్డాను. అందరూ కొడుకు గురించిన భయం అనుకున్నారు.

అన్నయ్యా, నువ్వు గడప చూశావు. జోళ్ళు లేవు. అవి నా దగ్గర ఉన్నాయి.

ఇద్రీస్ ఖాఫ్ ఊరి బజారులో కొనుక్కున్న జోళ్ళు అవి. వారం కూడా కాలేదు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు, "నీ చేతులకి బెల్లం ఉంటుంది పోవే" అనేవాడు. ఆ రోజు గాలికి వాటి నిండా ఇసుక పడుతుంటే చూడలేకపోయాను. ఎత్తుకెళ్ళి కొట్టం వెనక కూర్చుని దులిపాను. అమ్మ గిన్నెలోంచి తోక కొవ్వు తెచ్చి మెరిసేలా రుద్దాను. వాడు దిగి వచ్చి చూసి సంబరపడతాడనుకున్నాను. కట్టుబాటు నాకు తెలుసు, అందరు పిల్లలకీ తెలుసు. ఇప్పుడే పెట్టేస్తాను కదా అనుకున్నాను. అచ్చం మర్జాన్ అన్నట్టే.

తిరగలి చప్పుడు మొదలైంది. కాసేపటికి ఏదో అడ్డుపడ్డట్టు ఆగిపోయింది. నువ్వు అరవడం గాలివాటున వినిపించింది. నేను పరిగెత్తుకొచ్చి, అందరూ గాలి వాకిలి వైపు ఉండగా, జోళ్ళు గడప దగ్గర జతగా పెట్టేశాను. దొరికిపోతానని భయంతో పెట్టాను. నిన్ను ఇరికించాలని కాదు. ఎనిమిదేళ్ళదానికి అంత తెలివి ఉండదు. కానీ నువ్వు "లేవు, లేవు" అని నేల మీద చేతులు కొట్టుకుంటుంటే నేను అమ్మ పావడా పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఊరివాళ్ళు పోయాక నాన్న ఆ జోళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు లోపల పెట్టి తడిమాడు. ఆ గాలిలో గడప దగ్గర ఉన్న జోళ్ళలో ఇసుక రేణువు కూడా లేదు. వేళ్ళకి కొవ్వు అంటింది. వేళ్ళు వాసన చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. ఎవరికీ చెప్పలేదు. ఇరుసు దూలంగా వేసిన రోజు ఆ జోళ్ళని గోడ గూట్లో పెట్టి తనే మట్టి మెత్తాడు. కొట్టం విప్పినప్పుడు దొరికిన "పాత సామాను" అవే. ఎర్ర దారం కుట్టు అలాగే ఉంది. నువ్వు కలలో చూసినవి తర్వాత నాన్నతో పాటు గడప దగ్గరికి వచ్చినప్పుడు చూసిన జోళ్ళు అన్నయ్యా. ముందు చూసినవి కావు.

నన్నేం చేసినా సరే. తిట్టు, ఉమ్మెయ్యి. కానీ నువ్వు చూశావు. అది మాత్రం నమ్ము.

సనోబర్


మష్హద్,
ఖుర్దాద్, ముప్పై ఒకటి

సనోబర్,

నీ ఉత్తరం అందిన రోజు షాపు మూసేశాను. ఇంకా తెరవలేదు. తాహెరా నాలుగుసార్లు చదివి వినిపించింది, కళ్ళజోడు పెట్టుకుని కూడా నేను చదవలేకపోయాను. "నేను చూశాను" అని దానితో అన్నాను. "చూశారు" అంది. మళ్ళీ అన్నాను. రోజంతా అదే అంటూ కూర్చున్నానట.

ఎనిమిదేళ్ళ పిల్ల మీద నాకు కోపం లేదు. వాడి జోళ్ళు మెరవాలని రుద్దింది, అంతే కదా. ఆ పిల్ల ఎదురుగా ఉంటే ఎత్తుకునేవాణ్ణి.

కానీ నాన్న పోయినప్పుడు నీకు ఇరవై ఆరేళ్ళు. నేను బస్సు దిగి వచ్చాను. పాడె మొయ్యడానికి భుజం పెట్టబోతే ఊరివాళ్ళలోంచి హాజీ మురాద్ వచ్చి నన్ను పక్కకి నెట్టాడు. "ఒకణ్ణి సమాధికి పంపింది చాల్లే" అన్నాడు. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. నన్నే చూస్తున్నావు. ఆ ఆడమనిషి మీద నాకు కోపం ఉంది సనోబర్. చాలా ఉంది. ఎప్పటికి పోతుందో తెలియదు. పోయిందని అబద్ధం రాయను.

నాన్న సంగతి నాకు తేలడం లేదు. ఒక కొడుకుని సమాధిలో పెట్టాడు, ఇంకో కొడుకుని బస్సెక్కించాడు, కూతుర్ని దాచుకున్నాడు. ఆయన చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. ఆ ముఖం తిప్పుకోవడం అసహ్యంతో అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు దాని గురించి వేరేగా ఆలోచించాల్సి వస్తోంది, ఈ వయసులో.

ఎవరికి చెబుతావో, ఎలా చెబుతావో నేను చెప్పను. అది నీ పని.

నేను వస్తున్నాను. గురువారం బస్సుకి. అప్పటిదాకా ఒక్క చెక్క కూడా తీయొద్దని యాకూబ్‌కి చెప్పు, గాలి ఎంత ఊరించినా సరే. మర్జాన్‌ని తిట్టొద్దని కూడా చెప్పు. ఇరుసు తలకి కొవ్వు పూయాల్సింది మర కట్టినవాడు. ఈ మర సగం నా చేతిరాతతో కట్టింది, కాబట్టి ఆ పని నాది. నేను పైకెక్కుతాను. యాకూబ్ చెక్కల దగ్గర ఉంటాడు.

నాకు భయం లేదనుకోకు. ఆ రెక్కల మధ్యకి వెళ్ళాలంటే ఇప్పటి నుంచే చెమటలు పడుతున్నాయి. తాహెరా వద్దని ఏడుస్తోంది.

మెట్ల గడప దగ్గర నా జోళ్ళు విడిచి వెళ్తాను. వాటి పక్కన నువ్వు కూర్చోవాలి. యాకూబ్ గడప చూసేది నిన్ను దాటుకునే. వేరే ఎవరూ వద్దు, నువ్వే కూర్చోవాలి.

రవూఫ్


కలాతె సుర్ఖ్,
తీర్, మూడు
(నీ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను)

అన్నయ్యా,

యాకూబ్‌కి ఆదివారం చెప్పాను. విని లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇవాళ పొద్దున వచ్చి నా పక్కన కూర్చుని రొట్టె తిన్నాడు. నిన్న తందూరు దగ్గర ఆడవాళ్ళందరి ముందూ చెప్పాను. హాజర్ ముసలమ్మ చేతిలో పిండిముద్ద కింద పడింది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రం మసీదు మెట్ల మీద ముసలివాళ్ళు నీ పేరు పెట్టి పిలవడం విన్నాను. రవూఫ్ అన్నారు.

నువ్వు పైకెక్కడం నాకు ఇష్టం లేదు. వద్దని పది కాగితాలు రాసి చింపేశాను. అలా వద్దనే హక్కు నాకు లేదని అర్థమైంది.

చెక్కలు ఎనిమిదీ వేసే ఉన్నాయి. గాలి నిన్నటి నుంచి ఆగడం లేదు, కళ్ళు తెరవనివ్వడం లేదు. అయినా గురువారం తెల్లారేసరికి గడప దగ్గర ఉంటాను. నువ్వు కిందికి దిగి జోళ్ళలో కాళ్ళు పెట్టేదాకా లేవను. నీ జోళ్ళ నిండా ఇసుక పడుతుంది. పడనీ. నేను దులపను.

నీ చెల్లెలు
సనోబర్